వట్టి రోజుల లెక్క: రెండు గేదెల పాడిలో డబ్బు ఎక్కడ పోతోంది

గుంటూరు వైపైనా, కృష్ణ అవతల ఉయ్యూరు, కంకిపాడు వైపైనా గేదె బేరం ఒక్క మాటతో మొదలవుతుంది: "పూటకి ఎన్ని లీటర్లు?" అమ్మేవాడు చెప్పే అంకె చుట్టూనే బేరమంతా తిరుగుతుంది. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. కానీ అది గేదె ఈనిన మొదటి రెండు నెలల సంగతి. ఆ తర్వాత పాలు ఎన్నాళ్లు ఉంటాయి, వట్టిపోయాక ఎన్ని నెలలు గాడి దగ్గర నిలబడి మేస్తుంది, మళ్లీ ఎప్పుడు ఈనుతుంది అన్నవి బేరంలోకి రానే రావు. ఇంటి దగ్గర రెండు మూడు గేదెలతో నడిచే పాడి లాభనష్టాలను తేల్చేది మాత్రం అవే.

రెండు గేదెలను పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది ఈనిన కొత్తలో రోజుకు 10 లీటర్లు ఇస్తుంది. 300 రోజుల పాడిలో మొత్తం 2,000 లీటర్లు. రెండోది 8 లీటర్లకు మించి ఎక్కదు, 280 రోజుల్లో 1,700 లీటర్లు. సంతలో మొదటిదానికే గిరాకీ. ఇప్పుడు ఈతకీ ఈతకీ మధ్య ఎడం చూడండి. మొదటిది 550 రోజులకు మళ్లీ ఈనింది, రెండోది 410 రోజులకు. ఏడాదికి సర్దితే మొదటిదాని పాలు సుమారు 1,327 లీటర్లు, రెండోదానివి 1,513 లీటర్లు. వట్టి రోజులు ఏడాదికి మొదటిదానికి 166, రెండోదానికి 116. వట్టి గేదెకు మేత, దాణా కలిపి రోజుకు 120 రూపాయలు, పాలు లీటరు 57 రూపాయలు అనుకుంటే, ఏడాది తిరిగేసరికి "తక్కువ పాల" గేదె దాదాపు 16,600 రూపాయలు ముందుంటుంది. ఈ ధరలు లెక్క కోసం పెట్టుకున్నవే. మీ పాల కేంద్రం ధర, మీ ఊళ్లో గడ్డి ధర వేసుకుని చూడండి, అంకె మారుతుంది గానీ ముందున్న గేదె మారదు.

మొదటి గేదెలో లోపం లేదు. లోపం ఎడంలో ఉంది. ఆ ఎడాన్ని విప్పి చూస్తే గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. ఆవుకైతే 280. దాన్ని ఎవరూ తగ్గించలేరు. మన చేతిలో ఉన్నది ఈనిన రోజు నుంచి మళ్లీ చూడి నిలిచే రోజు వరకు ఉన్న గడువు ఒక్కటే. రెండో గేదెకు అది 100 రోజులు, మొదటిదానికి 240. ఎనిమిది నెలలు కడుపు ఖాళీగా ఉంది, మొదట్లో పాలు ఇస్తోంది కాబట్టి ఎవరికీ పట్టలేదు. ఏడాదికో ఈత అని పెద్దలు అంటారు. అది గేదెలో కష్టం, ఎందుకంటే 55వ రోజుకే చూడి నిలవాలి. 85 నుంచి 100 రోజుల్లో నిలిచేలా చూసుకుంటే 13, 13న్నర నెలలకు ఈత పడుతుంది. మంచి పాడికి అది చాలు.

ఖాళీ రోజులు పెరగడానికి కారణం అడిగితే "ఎద రావట్లేదండీ" అనే జవాబు వస్తుంది. ఆ ఒక్క మాట కింద మూడు వేరు వేరు సంగతులు దాక్కుని ఉంటాయి. ఎద వచ్చినా కంటపడకపోవడం ఒకటి. నిజంగానే రాకపోవడం ఇంకోటి. వచ్చి, సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా నిలవకపోవడం మూడోది. మూడింటికీ మందు వేరు. ఏది ఏదో తేల్చకుండా మందు ఇంజెక్షన్లు, బిళ్లలు వాడితే డబ్బు పోతుంది, 21 రోజులు పోతాయి.

కంటపడని ఎద

చాలా ఇళ్లలో అసలు చిక్కు ఇదే. ఆవు ఎదకొస్తే వీధి వీధంతా తెలుస్తుంది: అరుస్తుంది, పక్క పశువుల మీదికి ఎక్కుతుంది. గేదె అలా కాదు. అరవకపోవచ్చు, ఎక్కడం దాదాపు కనిపించదు. దీన్నే మూగ ఎద అంటారు. పైగా మన డెల్టా ఊళ్లలో గేదె పగలంతా పలుపుతో పాకలోనే ఉంటుంది కాబట్టి ఇంకో పశువు దాన్ని వాసన చూసే అవకాశం కూడా లేదు. ఎద చాలాసార్లు రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లవారుజామున బలంగా ఉంటుంది. ఎండెక్కేసరికి చల్లబడినట్టు కనిపిస్తుంది. పది గంటలకు చూసేవాడికి ఏమీ కనబడదు.

చూడాల్సినవి చిన్న చిన్న గుర్తులు. ఆ పూట పాలు చేపడానికి ఆలస్యం చేస్తుంది, లేదా ఒక్కసారిగా లీటరు, అర లీటరు తగ్గుతుంది. మాటిమాటికీ కొంచెం కొంచెం మూత్రం పోస్తుంది. మానం కొద్దిగా ఉబ్బి, ముడతలు సాగి, లోపల ఎర్రబారి ఉంటుంది. మేత సగం వదిలి చెవులు నిక్కించి చూస్తుంది. ఆవులా తీగలు వేలాడదీయడం గేదెలో తక్కువ. అది పడుకున్నప్పుడు కింద నేల మీద కోడిగుడ్డు తెల్లసొనలాంటి జిగురు పడుతుంది. అందుకే తెల్లవారుజామున గేదెను లేపకముందే టార్చి వేసి వెనకవైపు నేల చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. రోజుకు మూడుసార్లు, తెల్లవారకముందు, సాయంత్రం, పడుకోబోయే ముందు, ఐదేసి నిమిషాలు చూస్తే చాలు.

ఇంకో సాధనం గోడ మీద కేలండరు. ఈనిన తేదీ రాయండి. 45 నుంచి 60 రోజుల మధ్య మొదటి ఎద కనిపించాలి. కనిపించిన రోజు గుర్తు పెట్టి, అక్కడి నుంచి 21వ రోజు చుట్టూ గీత గీయండి. ఆ గీతకు అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులు మనసు పాక మీద ఉండాలి. ఒక్క ఎద జారిందంటే 21 రోజులు, పైన వేసుకున్న ధర ప్రకారం 2,520 రూపాయల వట్టి మేత. పది పైసల పెన్సిలు గీతకు ఇంతకన్నా మంచి కూలి దొరకదు.

ఎద కనిపించిన వెంటనే సూది వేయించాలని పరుగెత్తకూడదు, మరీ ఆలస్యం చేయకూడదు కూడా. పొద్దున్న గుర్తిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం గుర్తిస్తే మర్నాడు పొద్దున్న. గేదెలో గుడ్డు విడుదలయ్యేది ఎద ముగిశాక కాబట్టి తొందరపడి వేయించిన సూది చాలావరకు వృథా. వేసే మనిషి వీర్యం స్ట్రాను ద్రవ నత్రజని డబ్బాలోంచి తీసి 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచాలి. జేబులో పెట్టుకునో, అరచేతిలో రుద్దో వేస్తే అందులోని కణాలు చచ్చిపోతాయి. నీళ్లు మీరే కాచి సిద్ధంగా ఉంచితే ఆయనకు వంక ఉండదు. సూది తర్వాత గేదెను ఎండలో నడిపించకుండా నీడన కట్టి ఒంటి మీద నీళ్లు పోయండి.

సూది వేయించాక మళ్లీ ఎద కనిపించలేదంటే చూడి కట్టినట్టేనని నమ్మడం ఆవులో కొంత నడుస్తుంది. మూగ ఎద ఉన్న గేదెలో నడవదు. 60 నుంచి 90 రోజుల మధ్య పశువైద్యుడి చేత చూడి పరీక్ష చేయించాలి. ఆరో నెలలో పొట్ట పెరగలేదని అనుమానం వచ్చి చూపిస్తే ఖాళీ అని తేలడం అరుదేమీ కాదు. అక్కడికే అర సంవత్సరం మునిగింది.

నిజంగానే రానప్పుడు

ఈనిన తర్వాత గేదె తిన్నదాని కన్నా పాలలో ఎక్కువ పోస్తుంది. ఒంట్లో నిల్వ కరుగుతుంది. పక్కటెముకలు, తుంటి ఎముకలు తేలేంత చిక్కిందంటే ఆ శరీరం ఇంకో చూడి గురించి ఆలోచించదు. ఎదకు ఇంజెక్షన్ అడిగే ముందు గేదె వీపు మీద చెయ్యి వేసి చూడాలి. వెన్నుపూసలు ఒక్కొక్కటీ గుచ్చుకుంటుంటే చికిత్స గాడిలో మొదలవ్వాలి.

డెల్టా గేదెకు ఆధారం వరిగడ్డి. కడుపు నిండుతుంది, పోషణ తక్కువ. మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. సిలికా ఎక్కువ. ఆక్సలేట్లు ఉండటం వల్ల కాల్షియం ఒంటికి పట్టకుండా కట్టేస్తుంది. అంతా గడ్డి మీదే నడిపిస్తే రెండు మూడు నెలల్లో ఎద మాయమవుతుంది. మనకు దీనికి తరతరాల విరుగుడు ఒకటుంది: వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందు చేలో చల్లే పిల్లిపెసర. తడి ఆరని నేలలో నీరు పెట్టకుండానే లేచి, పప్పుజాతి మేతగా గడ్డిలో లేని మాంసకృత్తులు ఇస్తుంది. చాలామంది ఇప్పుడు అదే అదనులో అమ్మకానికి మినుము చల్లుతున్నారు. మినుము తప్పు కాదు. కానీ గట్టు పక్కన ఐదారు సెంట్లు పిల్లిపెసరకు, బోరు దగ్గర ఇంకో ఐదారు సెంట్లు నేపియర్ గడ్డికి వదిలితే దాణా సంచి ఆలస్యంగా ఖాళీ అవుతుంది.

పచ్చిమేత లేని నెలల్లో గడ్డిని యూరియాతో మాగవేయవచ్చు. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. యూరియా పలుకు కూడా మిగలకుండా కరిగించి, గడ్డిని పొరలు పొరలుగా పరిచి మొక్కలకు నీళ్లు చల్లే డబ్బాతో చల్లుతూ తొక్కి, టార్పాలిన్‌తో గాలి దూరకుండా కప్పి 21 రోజులు వదిలేయాలి. విప్పాక ఘాటు పోయేలా పరిచి ఆరనిచ్చి, మొదట పావు వంతు కలుపుతూ అలవాటు చేయాలి. మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి. జాగ్రత్తలు రెండు. యూరియా నీళ్లు కుడితి తొట్లో కలిసినా, పశువు నేరుగా తాగినా ప్రాణం మీదికి వస్తుంది. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి పెట్టకూడదు. కోత మిషన్ తర్వాత బేలరు కట్టిన కట్టలు వాడేవారు ఇంకోటి చూసుకోవాలి: తడిగా కట్టిన కట్ట లోపల నల్లగా బూజు పడుతుంది, పైకి తెలియదు. విప్పి దులిపి, బూజు ఉన్న భాగం పారేయాల్సిందే.

పాలిచ్చే గేదెకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిమేత, 5, 6 కిలోల ఎండుగడ్డి, ఒంటి కోసం ఒకటిన్నర, రెండు కిలోల దాణా, పైన ప్రతి రెండు లీటర్ల పాలకు కిలో దాణా. ఇంట్లో కలుపుకుంటే 100 కిలోలకు మొక్కజొన్న నూక 32, పత్తి చెక్క గానీ వేరుశనగ చెక్క గానీ 30, తవుడు 25, మినప పొట్టు 10, మినరల్ మిక్స్చర్ 2, ఉప్పు 1. గుంటూరు చుట్టుపక్కల పత్తి చెక్క సులువుగా దొరుకుతుంది, గేదెకు మంచిదే, చిన్న దూడలకు మాత్రం వద్దు. చెక్క ముక్క విరిచి వాసన చూడండి, ముక్కిపోయినది ఎంత చవకైనా తిరిగివ్వండి. తవుడు చవకని పాళ్లు పెంచేస్తే భాస్వరం ఎక్కువై కాల్షియం సమతూకం చెడుతుంది. పెళ్లిళ్ల సీజనులో మిగిలిన అన్నం బుట్టలు బుట్టలుగా కుడితిలో పోయడం మరీ ప్రమాదం. పొట్ట పులిసి గేదె కూలబడిపోతుంది, ఆ రాత్రి డాక్టరు దొరకడమే అదృష్టం. అంతగా అవసరమైతే పశువుల అంబులెన్సుకు 1962 నంబరు ఉంది.

కడుపులో పురుగులు, ఖనిజ లోపం కూడా ఎదను ఆపుతాయి. రోజుకు 50 గ్రాముల మినరల్ మిక్స్చర్ నిజంగా 50 గ్రాములే వేయాలి, పాలు తగ్గినప్పుడు గుర్తొచ్చి గుప్పెడు వేస్తే లాభం లేదు.

ఎండాకాలం అనే గోడ

ఇక్కడే అందరి లెక్కలూ తప్పుతాయి. గేదె పగటి పొద్దు తగ్గే కాలంలో బాగా ఎదకొచ్చే జాతి. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దాని రుతువు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ ఎండకు నల్ల చర్మం వేడిని పీల్చుకుంటుంది, చెమట గ్రంథులు తక్కువ కాబట్టి అది బయటికి పోదు. ఎద ఆగిపోతుంది, లేదా రెండు మూడు గంటల పాటు మెరిసి మాయమవుతుంది.

అక్టోబరు 15న సూది నిలిచిన గేదె ఆగస్టు 21 ప్రాంతంలో ఈనుతుంది. 85 రోజులకు మళ్లీ నిలిస్తే నవంబరు మధ్య, ఈత సెప్టెంబరు 20. తర్వాతి సూది డిసెంబరు మధ్య, ఈత అక్టోబరు 20. ఇలా ఈతకు నెల చొప్పున జరుగుతూ నాలుగైదు ఈతలకు సూది వేయించాల్సిన సమయం మార్చి మధ్యకు చేరుతుంది. అక్కడ ఒక్క ఎద తప్పినా ఏప్రిల్, అదీ తప్పితే సెప్టెంబరు. రెండు తప్పులకు ఆరు నెలలు. కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో ఈనిన గేదె ఉన్నవాళ్లు ఆ వేసవిని ముందే లెక్కలో రాసుకోవాలి: పాకకు తాటాకు కప్పు దట్టంగా, పడమటి వైపు తడిపిన గోనె పట్టాలు, రోజుకు మూడుసార్లు ఒళ్లు తడపడం, చెరువుంటే మధ్యాహ్నం రెండు గంటలు దింపడం, మేతలో ఎక్కువ భాగం రాత్రి వేయడం, తాగడానికి ఎప్పుడూ నీడలో నీళ్లు. రోజుకు 60 నుంచి 80 లీటర్లు తాగుతుంది, వేసవిలో ఇంకా ఎక్కువ.

ఏడాదంతా ఇంట్లో పాలుండాలంటే రెండు గేదెల ఈతలు ఆరు నెలల ఎడంలో ఉండాలని చెబుతుంటారు. కాగితం మీద బాగుంటుంది. ఒకటి ఆగస్టులో ఈనితే రెండోది ఫిబ్రవరిలో ఈనాలి, అంటే దాన్ని తిన్నగా వేసవి గోడకు కొట్టడమే. ఆగస్టులో ఒకటి, నవంబరు చివర ఇంకోటి ఈనేలా మూడు నెలల ఎడం పెట్టుకోవడం మన వాతావరణానికి సరిపడే రాజీ. ఎండాకాలం చివర కొన్నాళ్లు ఇంట్లో పాలు తగ్గుతాయి, ఆ మాత్రం భరించాలి.

తిరిగి పొర్లే గేదె, అమ్మేయాలనే ఆలోచన

మూడుసార్లు సూది వేయించినా నిలవని గేదెకు నాలుగోసారి అదే సూది వేయించకండి. జిగురు పారదర్శకంగా లేక మబ్బుగా, తెల్లటి పోగులతో ఉంటే గర్భసంచిలో చీము. ముందు దానికి చికిత్స, ఆ ఎద వదిలేయాలి. జిగురు బాగానే ఉండి తిరగబెడుతుంటే వేళ తప్పుతోందేమో చూసుకోవాలి. ఈడ్చుకుపోతే గన్నవరం పశువైద్య కళాశాల లాంటి చోటికి తీసుకెళ్లి పూర్తిగా చూపించడం నయం.

వట్టిపోగానే అమ్మేసి, ఈనిన గేదెను తెచ్చుకునేవాళ్లు చాలామంది. పైకి తెలివైన పనే, వట్టి మేత తప్పుతుంది. కానీ వట్టి గేదె ధరకూ పాడి గేదె ధరకూ తేడా, దళారి, బండి కిరాయి కలిపితే మారిన ప్రతిసారీ వేలల్లో పోతుంది. కొత్త గేదెతో పాటు ఏ పొదుగువాపో, చూడి పోగొట్టే బ్రూసెల్లా రోగమో ఇంటికొచ్చే ప్రమాదం వేరే. కొనక తప్పనప్పుడు ఒక్క పూట పాలు చూసి మోసపోవద్దు. ముందు పూట పితకకుండా వదిలేసి పొదుగు నింపి చూపడం పాత విద్య. సాయంత్రం, పొద్దున్న, మళ్లీ సాయంత్రం, మూడు పూటలు మీ కళ్లముందు పితికించి, నాలుగు రొమ్ముల ధారా చూసుకుని, ఈనిన తేదీ అడగండి.

పాలు తగ్గించకుండా దూడను బతికించడం

పెయ్య దూడ చనిపోతే నాలుగేళ్ల తర్వాతి గేదె పోయింది. మగ దూడ పోయినా తల్లి చేపదు. అప్పుడు పాలు దింపే ఆక్సిటోసిన్ సూది మొదలవుతుంది. పశువు ఆరోగ్యాన్ని చెరిచే అలాంటి సూదులు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. అదీ కాక అలవాటు పడ్డ గేదె సూది లేకుండా చేపదు, ఎద గతి తప్పుతుంది. కాబట్టి దూడను కాపాడటం కూడా వట్టి రోజుల లెక్కలోనిదే.

పుట్టిన గంట, రెండు గంటల్లో జున్నుపాలు తాగాలి. మాయ పడేదాకా తాగించకూడదన్న నమ్మకం ఇంకా ఉంది, దానివల్ల పోయిన దూడలకు లెక్క లేదు. 30 కిలోల దూడకు మొదటి రోజు మూడు లీటర్లు, రెండు మూడు విడతల్లో. తల్లి పాల ద్వారానే పెద్ద ఏలికపాములు గేదె దూడకు చేరతాయి కాబట్టి 10వ రోజుకు పైపరజిన్ తాగించాలి. మట్టిరంగు కంపు పేడ కనిపించేదాకా ఆగితే ఆలస్యమే. మోతాదు దూడ బరువును బట్టి డాక్టరు చెప్పాలి.

పాలలో ఏ భాగం దూడకు వదలాలన్నది డబ్బు సంగతి కూడా. పాల కేంద్రంలో ధర కట్టేది వెన్న శాతానికి. పొదుగులోంచి ముందు వచ్చే పాలు పల్చన, వెన్న తక్కువ. చివరి పాలు చిక్కన. చేపించడానికి మొదట దూడను వదిలి, చివరి ధార దాకా మనం పితికితే వెన్న శాతం నిలుస్తుంది. సగం పితికి "మిగతాది దూడకు" అని వదిలేవారు కేంద్రానికి పల్చటి పాలు పోసి, వెన్న పడిపోయిందని కేంద్రాన్ని తిడుతుంటారు. దూడకు ఆకలి తీరేంత పాలు కొలిచి పట్టండి, అంతేగాని చివరి పాలు వదిలేయకండి.

బొటనవేలు మడిచి రొమ్మును నొక్కి పితకడం మన దగ్గర అలవాటు. లోపలి పొర చితికి పొదుగువాపుకు దారి తీస్తుంది. పిడికిలితో నిండుగా పట్టి పితకాలి. పితికిన అర గంట దాకా రొమ్ము రంధ్రం తెరుచుకునే ఉంటుంది, అందుకే వెంటనే గాడిలో పచ్చిమేత వేసి, గేదె పడుకోకుండా చూడాలి.

ఇక ఈతకు ముందు 60 రోజులు పాలు ఆపి వట్టి పెట్టాల్సిందే. ఈ వట్టి రోజులు నష్టం కావు. ఆశకు పోయి ఈత దగ్గరపడే దాకా పితికితే పొదుగు కణాలకు విశ్రాంతి ఉండదు, వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి. ఆఖరి మూడు వారాల్లో దాణా కొద్దికొద్దిగా పెంచుతూ రావాలి. ఈనిన రెండు మూడు రోజుల్లో చెవులు చల్లబడి, మెడ డొక్క వైపు తిప్పి కూలబడితే కాల్షియం పడిపోయినట్టు. నోట్లో ఏమీ పోయకుండా డాక్టరును పిలవాలి, గంటల్లో ప్రాణం పోతుంది. మాయ 8 నుంచి 12 గంటల్లో పడాలి. పడకపోతే లాగకూడదు, దానికి రాయో చెప్పో కట్టి వేలాడదీయకూడదు. తెగి లోపల మిగిలిన ముక్క కుళ్లి గర్భసంచి పాడవుతుంది. అలా పాడైన గేదె 60వ రోజుకు కాదు, 150వ రోజుకు కూడా ఎదకు రాదు.